గిన్నెలో పాట నుంచి చెవిలో పాట దాకా

 మధ్యాహ్నం భోజనాలు ముగించి, గిన్నెలు తోమి బోర్లించి, కాస్త నడుం వాల్చి ఈ పేజీ తిరగేస్తున్న అక్కలకూ, చెల్లెళ్ళకూ, వదినలకూ ఇవాళ ఒక చిన్న బెజ్జం కథ చెప్పబోతున్నాను. నవ్వకండి. మీ ఇంట్లో పాత స్టీరియో యాంప్లిఫయర్ ఏదైనా ఉంటే ఒకసారి దాని ముఖం చూడండి. వాల్యూం మీటా, బేసు మీటా, ట్రెబుల్ మీటా వరసగా ఉంటాయి. వాటి పక్కన, ఏదో ఒక మూల, పెన్సిలు దూరీ దూరనంత గుండ్రటి బెజ్జం ఉంటుంది. దాని పైన రెండు చెవులకూ తగిలించుకునే హెడ్‌ఫోన్ల బొమ్మ. ఏళ్ళ తరబడి ఆ పెట్టె మీద దుమ్ము తుడిచాను గానీ ఆ బెజ్జం ఎందుకుందో నేనూ అడగలేదు. అడగవలసిన అవసరం మా ఇంట్లోనే వచ్చింది.

మేముండేది బేగంబజారులో. రెండవ నిజాం, నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం ఈ నేలను వర్తకులకు ఇచ్చిందనీ, ఆమె వల్లనే ఈ బజారుకు ఆ పేరు వచ్చిందనీ చెప్పుకుంటారు. ఆయన పాలించినది 1762 నుంచి 1803 దాకా. అంటే రెండు వందల ఏళ్ళు దాటిన బేరసారాల చప్పుడు ఇది. తెల్లారితే షట్టర్లు లేచే మోత, ఇత్తడి బిందెలు ఒకదానితో ఒకటి తగిలే మోత, తోపుడుబండ్ల వాళ్ళ కేకలు, ఆటోల హారన్లు. వీటన్నిటి నడుమ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. ఒకరింట్లో పోపు వేస్తే ఇంకొకరింట్లో తుమ్ము వస్తుంది. అటువంటి చోట మా అత్తమ్మకు వినికిడి తగ్గింది.

అత్తమ్మకు ఎనభై దాటాయి. పొద్దున భక్తి పాటలు, సాయంత్రం పాత సినిమా పాటలు ఉండాలి ఆమెకు. మామయ్యగారు 1984లో కొన్న స్టీరియోకే ఆ రేడియో తగిలించి ఉంటుంది. చూస్తూ చూస్తూ ఉండగా ఆ వాల్యూం మీట మెల్లగా కుడివైపుకు జరుగుతూ వచ్చింది. పక్క గదిలో మా అమ్మాయి ఇంటర్మీడియెట్ పరీక్షలకు చదువుకుంటుంది. తగ్గిస్తే అత్తమ్మ, "ఏం వినవడ్తలేదు, నన్నో మూలకు కూసోబెట్టిన్రు" అని కంట నీరు పెట్టుకునేది. పెంచితే అమ్మాయి పుస్తకం మూసేసేది. మధ్యన నేను. ఈ తగాదా మీలో ఎందరిళ్ళలో ఉందో నాకు తెలుసు.

ఒక ఆదివారం మా మరిది సాయం చేస్తానన్నాడు. ఒక జత హెడ్‌ఫోన్లు తెచ్చి, పిన్ను కోసేసి, తీగలు చెక్కి, యాంప్లిఫయర్ వెనకాల స్పీకర్ల తీగలు బిగించే చోట వీటిని మెలిపెట్టాడు. ముందువైపు బెజ్జం ఉన్న సంగతి ఆయనకూ తట్టలేదు. అత్తమ్మ తలకు తొడిగి స్విచ్చి వేశాడు. మీట అంతకుముందు స్పీకర్లకు ఎక్కడ ఉందో అక్కడే ఉంది. ఆమె ఒక్క కేక పెట్టి రెండు చేతులతో ఆ హెడ్‌ఫోన్లు లాగి పారేసింది. "చెవుల పిడుగు వడ్డట్టయింది బిడ్డా" అంది. ఒక వైపు హెడ్‌ఫోను నుంచి కాలిన వాసన వచ్చింది. రెండు రోజులు ఆమె చెవిలో కీచురాళ్ళు కూసినట్టే ఉంది. ఉన్న వినికిడి కూడా పోతుందేమోనని ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు. చెవుల డాక్టరు చూసి, భయం లేదు గానీ ఇంకోసారి అయితే చెప్పలేనన్నారు.

రేడియోలో మాట్లాడటానికి వెళ్ళినప్పుడు నేను కూడా హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను. నా గొంతు నాకు హాయిగా వినిపిస్తుంది. అదే వస్తువు మా ఇంట్లో పిడుగెందుకైంది? ఇది తెలుసుకుందామని మొదలుపెడితే నూట నలభై ఏళ్ళ కథ దొరికింది. అందులో ఆడవాళ్ళ పాలు తక్కువేమీ కాదు.

టెలిఫోను 1876లో వచ్చింది. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా మధ్యన ఎక్స్‌చేంజిలో ఒకరు కూర్చుని తీగలు కలపాలి. మొదట కుర్రాళ్ళను పెట్టారు. వాళ్ళ దురుసుతనం భరించలేక 1878 సెప్టెంబరు 1న అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎమ్మా నట్ అనే ఆమెను తీసుకున్నారు. లోకంలో మొదటి మహిళా టెలిఫోను ఆపరేటరు ఆవిడే. ఆ తరవాత ఆ ఉద్యోగం దాదాపు ఆడవాళ్ళదే అయింది. రెండు చేతులూ పనిలో ఉండాలి, చెవికి మాట వినబడాలి. అందుకని వినే గొట్టాన్ని వాళ్ళ భుజానికి, తలకూ తగిలించడం మొదలైంది. 1880లలో అలాంటి ఒక సరంజామా నాలుగు కిలోల పైబడి బరువుండేదట. చంటిపిల్లను మోసినట్టు మోసేవారన్నమాట! వాళ్ళు పూటంతా బోర్డులో గుచ్చి తీసిన పిన్నే ఇవాళ మన యాంప్లిఫయర్ బెజ్జంలో దూరేది. పావు అంగుళం పిన్ను. నూట ముప్ఫై ఏళ్ళు దాటినా దాని లావు మారలేదు. స్టీరియోకు వాడే పిన్నులో మూడు భాగాలుంటాయి: ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, ఇద్దరికీ కలిపి తిరుగు దారి ఒకటి.

పాట విషయానికి వస్తే, 1881లో పారిస్ నగరంలో విద్యుత్తు ప్రదర్శన జరిగింది. క్లెమాఁ అడేర్ అనే ఇంజనీరు ఒపేరా వేదిక మీద టెలిఫోను మైకులు వరసగా పెట్టి, దూరాన ప్రదర్శనశాలలో జనానికి రెండు వినే గొట్టాలు ఇచ్చాడు, చెవికొకటి చొప్పున. గాయకుడు వేదిక మీద ఎడమ నుంచి కుడికి నడిస్తే వాళ్ళ చెవుల్లోనూ అలాగే నడిచాడు. స్టీరియో అన్న మాట వాడుకలోకి రాక ముందే స్టీరియో వినేశారు. 1890లో ఇది కంపెనీగా మారి, చందా కట్టిన ఇళ్ళకు తీగ మీద సంగీతం పంపింది. 1932 దాకా నడిచింది.

ఇక తల మీద బిగించుకునే హెడ్‌ఫోన్లు. వీటిని 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ చేశాడు. ఎక్కడనుకున్నారు? తమ ఇంటి వంటింట్లో. నౌకాదళం వాళ్ళు పరీక్షించి చూసి ఇంకా కావాలంటే, వంటింట్లో చేస్తున్నాను గనక ఒకేసారి ఎక్కువ పంపలేనన్నాడట. ఆ వంటింటి ఇల్లాలు ఏమందో చరిత్రలో రాసిలేదు గానీ మనం ఊహించుకోగలం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో హెడ్‌ఫోన్లు సరదాకు కావు, గతిలేక. ఆకాశంలోంచి వచ్చే రేడియో తరంగాన్ని పట్టడానికి సీసపు ఖనిజం ముక్క ఒకటి, దానిమీద ఆనించే సన్నని తీగ మొన ఒకటి ఉంటే చాలు. ఆ ఖనిజంతో తరంగాన్ని పట్టే సాధనానికి అమెరికాలో 1904లో పేటెంటు పొందినది మన కలకత్తా ఆచార్యులు జగదీశ్ చంద్ర బోసుగారు. అలాంటి క్రిస్టల్ సెట్టుకు బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కాని గాలిలోంచి వచ్చిన ఆ కాస్త శక్తితోనే శబ్దం పుట్టాలి. అది చీమ గుసగుసంత. చెవికి ఆనించుకుంటే తప్ప వినబడదు. అందుకని ఆనాటి హెడ్‌ఫోన్లలో వెంట్రుకలాంటి తీగ వేలకొద్దీ చుట్లు చుట్టేవారు. రెండు వేల ఓముల ప్రతిరోధం అప్పట్లో మామూలు లెక్క. ఈ ఓములు అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మన తెలుగువాళ్ళకు అప్పట్లో పెద్ద పట్నం మద్రాసే. అక్కడ సి.వి. కృష్ణస్వామి చెట్టిగారూ మిత్రులూ 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టి, జులై 31 నుంచి ప్రసారాలు మొదలుపెట్టారు. మొదటి ట్రాన్స్‌మిటరు శక్తి 40 వాట్లు. ఇప్పుడు మన హాల్లో వెలిగే పాత బల్బంత! దాంతోనే ఊరికి సంగీతం పంచారు. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడింది. 1930 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు కార్పొరేషను వాళ్ళు ఆ పని అందుకున్నారు.

క్రిస్టల్ సెట్టుతో వచ్చిన చిక్కేమిటంటే ఒక ఇంట్లో ఒక్కరే వినగలరు. ఆ ఒక్కరు ఎవరై ఉంటారో నేను వేరే చెప్పాలా? తలకాయకు తొడుక్కుని ఇంటి పెద్ద కళ్ళు మూసుకుని కూర్చుంటే, మిగతావాళ్ళు ఆయన ముఖం చూసి పాట బాగుందో లేదో తెలుసుకోవాలి. దీనికి విదేశాల్లో ఇల్లాళ్ళు ఒక ఉపాయం వాడారు. హెడ్‌ఫోన్లను ఒక పెద్ద పింగాణీ గిన్నెలో పెట్టేవారు. గిన్నె గోడలకు తగిలి శబ్దం పైకి పోగయి వస్తుంది. చుట్టూ తలకాయలు దగ్గరపెట్టి ఇంటిల్లిపాదీ వినేవారు. నేను ఇది చదివి ఊరుకోలేదు. మా గల్లీ చివర దొరికే ఇత్తడి గిన్నెలోనూ, స్టీలు గిన్నెలోనూ, జాడీ మూతలోనూ సెల్‌ఫోను ఇయర్‌ఫోన్లు పెట్టి చూశాను. మీరూ చూడండి. గిన్నె లేకపోతే వినపడని పాట గిన్నెలో పెడితే మూరెడు దూరానికి వినిపిస్తుంది. బేగంబజారు గిన్నెలకు ఇంకో ఉపయోగం ఉన్నదని అప్పుడే తెలిసింది.

గిన్నెతో పని లేకుండా చేసినది వాల్వు. 1906లో లీ డి ఫారెస్టు అనే ఆయన చేసిన గాజుబుడ్డి, పదును పెట్టగా పెట్టగా, చిన్న విద్యుత్తును పెద్దది చేసే సాధనంగా మారింది. అదే యాంప్లిఫయర్ పుట్టుక. 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇప్పుడు మనం వాడే రకం స్పీకరును తయారుచేశారు. ఇక హెడ్‌ఫోన్లు అటకెక్కాయి. యాంప్లిఫయర్ వచ్చినది మనల్ని హెడ్‌ఫోన్ల నుంచి విడిపించడానికే. ఈ మాట కొంచెం విచిత్రంగా ఉంటుంది, ఎందుకంటే అదే యాంప్లిఫయర్‌కు తరవాత హెడ్‌ఫోను బెజ్జం పెట్టారు గనక.

మన ఊరి సంగతీ చెప్పాలి. 1933లో తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీగారు చిరాగ్ అలీ లేన్‌లోని తన ఇంటినుంచి 200 వాట్ల స్టేషను నడిపారు. బేగంబజారు నుంచి అది నడిచివెళ్ళే దూరమే. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. దక్కన్ రేడియో అంటే అదే. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సైన్యం పోరు ఆపిందన్న కబురు జనానికి చెప్పినదీ ఆ రేడియోనే. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిపోయింది. అప్పటికి రేడియో అంటే హాల్లో అల్మారా మీద అల్లిన గుడ్డ కప్పుకుని కూర్చున్న వాల్వు పెట్టె. ఏటా పోస్టాఫీసుకు పోయి లైసెన్సు డబ్బు కట్టి పుస్తకంలో స్టాంపు అంటించుకోవాలి. 1980లలోగానీ ఆ లైసెన్సు పీడ వదలలేదు.

స్పీకరు వచ్చాక పాట అందరిదీ అయింది. కాని మీట మాత్రం ఒకరి చేతిలోనే ఉండిపోయింది. వార్తల వేళ మగవాళ్ళది, బుధవారం రాత్రి సిలోన్‌లో బినాకా గీత్‌మాలా వేళ కుర్రకారుది. వంటింటి గుమ్మం దగ్గర చెవి పారేసి, కూరలో ఉప్పు మరచిపోయి మన అమ్మలు విన్నారు. మన వంతుకు వచ్చినది ఆ మధ్యాహ్నపు స్త్రీల కార్యక్రమం. అయినా దాన్ని ఎంత ప్రాణంగా చూసుకున్నారో అప్పటి ఉత్తరాలు విన్నవాళ్ళకు తెలుసు.

హెడ్‌ఫోన్లు అటక దిగి వచ్చినది స్టీరియోతో. దాని వెనుక ఒక జంట కథ ఉంది. ఇంగ్లండులో ఆలన్ బ్లమ్‌లీన్ అనే ఇంజనీరు తనకు కాబోయే భార్యతో సినిమాకు వెళ్ళాడట. తెర మీద నటుడు ఒక పక్కన ఉంటే మాట ఇంకో పక్కనుంచి వస్తోంది. మనిషి వెంట మాట నడిచే ఉపాయం తనకు తెలుసునని ఆవిడతో అన్నాడట. 1931లో రెండు దారుల శబ్దానికి పేటెంటు దరఖాస్తు చేశాడు. ఆ రికార్డులు జనానికి అందేసరికి 1958 వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో మిల్వాకీ నగరంలో జాన్ కాస్ అనే ఆయన స్టీరియో హెడ్‌ఫోన్లు బయటపెట్టాడు. అంతకుముందు ఆయన ఆస్పత్రిలో రోగులకు టీవీలు అద్దెకిచ్చేవాడు. పెళ్ళిలో సోఫా కొనుక్కోమని వచ్చిన డబ్బుతో ఆ వ్యాపారం మొదలుపెట్టాడని చెప్తారు. సోఫా లేకుండా సంసారం చేసిన ఆ ఇల్లాలికి కూడా ఈ కథలో కొంత పేరు రావాలి.

అప్పటి యాంప్లిఫయర్లకు మాత్రం హెడ్‌ఫోన్ల బెజ్జం లేదు. స్పీకర్ల తీగలు బిగించే చోట ఒక చిన్న డబ్బా తగిలించి, దానికి హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు. మా మరిది చేసినది దాదాపు అదే పని. ఆ డబ్బాలో ఉన్న ఒక్క వస్తువును ఆయన మరచిపోయాడు. దాని పేరు రెసిస్టరు.

ఇక్కడ కాస్త లెక్క. భయపడకండి, నేను కూడా మెట్రిక్ దాకానే చదివాను. స్పీకరు ప్రతిరోధం మామూలుగా 8 ఓములు. దానికి 20 వాట్లు ఇవ్వాలంటే యాంప్లిఫయర్ సుమారు 12.6 వోల్టులు పంపాలి. ఇవాళ దొరికే సాధారణ హెడ్‌ఫోన్లు 32 ఓములు. అదే 12.6 వోల్టులు వాటికి సూటిగా తగిలితే 5 వాట్లు దూసుకువస్తాయి. హెడ్‌ఫోనుకు కావలసినదో, వాటులో వెయ్యో వంతులు. బిందెతో ఉగ్గుగిన్నెలో పాలు పోసినట్టు అన్నమాట. గిన్నె పొర్లడమే కాదు, బిడ్డకు ఉక్కిరిబిక్కిరి. మధ్యన ఒక్కో చెవి దారిలో 330 ఓముల రెసిస్టరు పెడితే, మీట ఎంత తిప్పినా హెడ్‌ఫోనుకు చేరేది వాటులో ఇరవై అయిదో వంతే. అది కూడా చెవికి ఎక్కువే, కాని పిడుగు మాత్రం కాదు. ఇంకో లాభం ఉంది. పెద్ద యాంప్లిఫయర్లలో ఎప్పుడూ సన్నగా ఉండే బుస్సుమనే మోత స్పీకర్లలో తెలియదు గానీ చెవికి ఆనితే చిరాకు పెడుతుంది. రెసిస్టరు దాన్ని కూడా అణుస్తుంది.

తరవాతి రోజుల్లో యాంప్లిఫయర్ తయారుచేసేవాళ్ళే ఈ రెసిస్టర్లను లోపల పెట్టి ముందువైపు బెజ్జం ఇచ్చారు. 1970లలో, 80లలో బొంబాయి కాస్మిక్, కలకత్తా సొనోడైన్ లాంటి మన దేశపు స్టీరియోలు మధ్యతరగతి ఇళ్ళకు వచ్చాయి. అంత పెట్టలేనివాళ్ళకు కోఠీలో మెకానిక్కులు విడి భాగాలతోనే బిగించి ఇచ్చేవారు. చాలా పెట్టెల్లో పిన్ను దూర్చగానే లోపల ఒక రేకు పక్కకు తప్పుకుంటుంది, స్పీకర్లకు పోయే దారి తెగుతుంది. అర్ధరాత్రి ఇంట్లోవాళ్ళు నిద్రపోతుంటే ఒక్కరూ పాట వినగలిగినది అలాగే. 1968లో జర్మనీలో సెన్‌హైసర్ వాళ్ళు హెచ్.డి. 414 అనే మోడలు తెచ్చారు. అంతదాకా హెడ్‌ఫోన్లు చెవులను డబ్బాలా మూసేవి. ఇవి మెత్తని పసుపు స్పాంజితో తేలికగా ఆనుకుని, బయటి శబ్దాన్ని కూడా రానిచ్చేవి. మనకు కావలసినవి ఇలాంటివేనని నా అభిప్రాయం. చెవులు బిగించి మూసుకుంటే కుక్కరు ఎన్ని కూతలు వేసిందో ఎవరు లెక్కపెడతారు? తలుపు కొట్టిన పాలవాడి మాటేమిటి?

ఆ పిదప 1979 జులై 1న జపానులో సోనీ వాక్‌మన్ వచ్చింది. ఇంట్లో పెట్టె పక్కన కూర్చోనక్కరలేకుండా పాట జేబులోకి చేరింది. మొదటి మోడలుకు హెడ్‌ఫోను బెజ్జాలు రెండుండేవి, ఇద్దరు కలిసి వినడానికి. ఒక్కరే వినడం మర్యాద కాదేమోనని తయారుచేసినవాళ్ళకే జంకు కలిగిందట. ఇప్పుడు ఆ జంకు ఎవరికీ లేదు. బస్సులో, వీధిలో, భోజనాల బల్ల దగ్గర కూడా ఎవరి చెవి వాళ్ళదే.

మళ్ళీ మా ఇంటికి వద్దాం. పెట్టెను ఆటోలో వేసుకుని కోఠీ గుజరాతీ గల్లీలో ఒక ముసలి మెకానిక్కు దగ్గరకు పోయాను. మూత విప్పి చూసి, "అమ్మా, ముందర బెజ్జం ఉండంగ ఎనకనుంచి ఎందుకు పోయిన్రు?" అని నవ్వాడు. లోపల బెజ్జం వెనకాల రేకులు తుప్పుపట్టాయి. రుద్ది శుభ్రం చేసి, కాలిపోయిన రెండు రెసిస్టర్లు తీసి, 330 ఓములవి, 1 వాటువి కొత్తవి వేశాడు. పావుగంట పని. ఆయన చెప్పిన జాగ్రత్తలు మీకు కూడా చెప్తాను.

మొదటిది, తీగలు కోసి స్పీకర్ల చోట సొంతంగా మెలిపెట్టకండి. కొన్ని యాంప్లిఫయర్లలో నల్ల తీగ నేల తీగ కాదు, రెండు వైపులా కరెంటు ఆడుతూ ఉంటుంది. హెడ్‌ఫోన్లలో ఎడమ కుడి నల్ల తీగలు ఒకటిగా కలిసి ఉంటాయి గనక, అలాంటి పెట్టెకు తగిలిస్తే పెట్టే కాలిపోతుంది. మీటరు పెట్టి చూడగల మెకానిక్కే ఆ పని చెయ్యాలి. రెండవది, పెట్టె స్విచ్చి వేశాక, గుబుక్కుమనే చప్పుడు అయిపోయాకే హెడ్‌ఫోన్లు తలకు పెట్టుకోవాలి. మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ముందు మీట పూర్తిగా తగ్గించి, తరవాత కొద్దికొద్దిగా పెంచుకోవాలి. రెసిస్టరు వల్ల కొన్ని హెడ్‌ఫోన్లలో డోలు మోత కాస్త లావుగా వినిపించవచ్చు. బేసు మీట ఒక గీత తగ్గిస్తే సరిపోతుంది.

చెవి సంగతి కూడా వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ళ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగమవుతుంది. 90 దగ్గరకు వెళ్తే వారం మొత్తానికి 4 గంటలే. చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నని కేశకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. గోరు విరిగితే వస్తుంది, జుట్టు రాలితే వస్తుంది, ఇవి రావు. కనక పిల్లల చెవుల్లో ఉన్నదాన్ని మీరు మూరెడు దూరంలో వినగలుగుతున్నారంటే తగ్గించమని చెప్పండి. విసుక్కున్నా సరే చెప్పండి.

ఇంకొక పొరపాటు నేనూ చేశాను, అందుకే చెప్తున్నాను. వినికిడి తగ్గినవారికి శబ్దం పెంచడమే మందు అనుకున్నాను. అది తప్పు. డాక్టరు అత్తమ్మకు పరీక్ష చేయించి, కాగితం మీద గీతలు చూపించారు. డోలు మోతలు ఆమెకు బాగానే వినబడుతున్నాయి, 'స', 'శ', 'త' లాంటి సన్నని శబ్దాలే అందడం లేదు. అన్నిటినీ కలిపి పెంచితే మోత ఎక్కువవుతుంది గానీ మాట తేటపడదు. దానికి ఆమె చెవి కొలతకు సరిచేసిన వినికిడి యంత్రమే కావాలి. "నలుగురు జూస్తే ఏమనుకుంటరు" అని మొదట వద్దంది. కళ్ళజోడు పెట్టుకోలేదా అత్తమ్మా అని నేనూ, మా అమ్మాయీ నెలరోజులు బతిమాలితే ఒప్పుకుంది. ఇప్పుడు మాటలకు యంత్రం, పాటలకు సాయంత్రం ఒక గంట హెడ్‌ఫోన్లు. హెడ్‌ఫోన్లు పెట్టుకునేటప్పుడు యంత్రం తీసి డబ్బాలో దాస్తుంది, లేకపోతే కూత పెడుతుంది. మీట ఎక్కడుండాలో ముగ్గు పిండితో నేను గుర్తుపెడితే చెరిగిపోయింది. మా అమ్మాయి గోళ్ళరంగుతో చుక్క పెట్టింది. ఆ చుక్క దాటకూడదని ఇంట్లో కట్టుబాటు.

మామయ్యగారు పోయాక ఆ పెట్టెను తూకానికి వేసేద్దామని ఇంట్లో రెండుసార్లు మాట వచ్చింది. లోపలి రాగి చుట్టకు మంచి ధర వస్తుందన్నారు. వెయ్యనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను. కొత్త సెల్‌ఫోన్లు చాలావాటికి హెడ్‌ఫోను బెజ్జమే లేదు. నలభై ఏళ్ళ పాత పెట్టెకు ఉంది, అదీ ఎమ్మా నట్ లాంటి ఆడపిల్లలు గుచ్చిన పిన్నుకు సరిపోయే లావులో.

కిందటి నెల నా ప్రసంగం వచ్చిన రోజు అత్తమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. అయిపోయాక తీసి, "ఇన్నేండ్లు నువ్వు రేడియోల ఏం జెప్తున్నవో ఇయ్యాల తెలిసింది. బాగనే జెప్తున్నవ్, కని జెర మెల్లగ మాట్లాడు" అంది. ఆమె సలహా పాటించి ఈసారి మెల్లగానే మాట్లాడాను.

మీ ఇంటి అటక మీద కూడా ఇలాంటి పెట్టె ఉంటే దించి తుడవండి. దానికన్నా ముందు, మీ ఇంట్లో రేడియో మోత రోజురోజుకూ పెంచుతున్న పెద్దవారు ఎవరైనా ఉంటే, విసుక్కోకుండా చెవుల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. సెలవు.